ముగ్గు పోసేముందు మట్టి చూడండి



సొంత ఇల్లు అనగానే మన మాటలన్నీ వంటగది ఎంతుండాలి, దేవుడి గది ఎటుండాలి అన్నచోటే తిరుగుతాయి. స్థలం కొనేటప్పుడు వీధిపోటు ఉందా, ఈశాన్యం పెరిగిందా అని చూస్తాం. ఆ స్థలంలో మట్టి ఎలాంటిదని మాత్రం అడగం. మేస్త్రీ చూసుకుంటాడులే అనుకుంటాం. తీరా గోడ బీటలిస్తే, తలుపు గడియ పడక మొరాయిస్తే రోజూ దాంతో వేగేది ఇల్లాలే కదండీ! కూడబెట్టిన డబ్బు, తాకట్టు పెట్టిన నగలు అన్నీ పోసేది ఆ నేలమీదే. అందుకే దాని గుణం మనమూ తెలుసుకోవాలి.

రాతినేల, గట్టి మొరం నేల దొరికితే అదృష్టమే. బరువు బాగా మోస్తాయి. పేచీ అంతా నల్లరేగడితోనే. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతాల్లో ఈ నేల విస్తారం. పత్తికీ, మిరపకీ ఇది బంగారం. ఇంటికి మాత్రం కదిలే పీట.

ఎందుకంటారా? ఇందులో మాంట్‌మోరిల్లనైట్ అనే బంకమన్ను ఉంటుంది. నీళ్ళు తగిలితే నానబెట్టిన శనగల్లా ఉబ్బుతుంది. ఎండితే ముడుచుకుపోయి, చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. ఇల్లు కట్టాక నడిమింటి కింద మట్టికి ఎండ తగలదు, చెమ్మ నిలిచివుంటుంది. గోడల బయటి అంచున ఉన్న మట్టి వేసవిలో ఎండి దిగుతుంది, వానల్లో ఉబ్బి లేస్తుంది. ఇంటి నడుమ ఒక తీరు, మూలలు ఒక తీరు అయ్యేసరికి కిటికీ మూలలనుంచి ఏటవాలుగా బీటలు పుడతాయి. మనం మేస్త్రీని తిట్టి, బీటల్లో సిమెంటు కూరి, సున్నం వేయిస్తాం. మరుసటి వేసవికి మళ్ళీ అక్కడే బీట!

ఇంకో సంగతి. చిన్న ఇల్లు కదా, బరువెంత, మామూలు పునాది చాలులే అంటారు. ఈ నేలలో అది తిరగబడుతుంది. ఉబ్బే మట్టి పైకి తోస్తుంటే బరువైన కట్టడం అణిచి ఉంచగలదు. తేలికైన ఒంటి అంతస్తు ఇల్లే ఎక్కువ అవస్థ పడుతుంది.

మరి కొనేముందు ఏం చూడాలి? స్థలాన్ని ఒకసారి ఎండల్లో, ఒకసారి వానల్లో చూడండి. చుట్టుపక్కల ఇళ్ళ ప్రహరీలు బీటలిచ్చాయేమో గమనించండి. అక్కడి ఇల్లాళ్ళను తలుపులు వానాకాలంలో పడుతున్నాయా అని అడగండి. మట్టి కాస్త తడిపి చిన్న ఉండ చేసి బాగా ఎండనివ్వండి. వేళ్ళతో నలిపితే పొడి అయితే అందులో ఇసుక పాలు ఎక్కువ. రాయిలా బిగుసుకుని నలగకపోతే బంకమన్ను ఎక్కువ. ఒకప్పుడు అక్కడ చెరువో, కుంటో, చెత్తగుంటో ఉండేదేమో ఊళ్ళో పెద్దవాళ్ళను అడగాలి. పూడ్చిన నేల ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుంది.

ఇవి మన అనుమానం తీర్చుకోవడానికే. తేల్చవలసింది ఇంజనీరే. ఆయన రెండుమూడు చోట్ల గుంటలు తవ్వించి, ఏ లోతులో ఏ మట్టి ఉందో చూసి, నమూనాలు ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ చేసే ఒక పరీక్ష మన వంటింటి పనిలాగే ఉంటుంది. పొడిమట్టి జల్లించి, పదేసి గ్రాములు రెండు కొలత జాడీల్లో పోస్తారు. ఒకదాంట్లో నీళ్ళు, రెండోదాంట్లో కిరసనాయిలు పోసి 24 గంటలు ఉంచుతారు. కిరసనాయిల్లో మట్టి ఉబ్బదు. అందులో 10 మిల్లీలీటర్లున్న మట్టి నీళ్ళలో 16 అయిందనుకోండి, ఉబ్బు 60 శాతం అన్నమాట. 50 శాతం దాటితే మామూలు పునాదితో సరిపెట్టుకోకూడదు.

అలాగని స్థలం వదులుకోనక్కర్లేదు. రేగడి మూడు నాలుగడుగులే ఉండి, కింద మొరం తగిలితే పునాది అక్కడిదాకా దింపవచ్చు. రేగడి లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్ వేస్తారు. గుండ్రంగా బోరు తవ్వి, అడుగున బుడగలా వెడల్పు చేసి, ఇనపకడ్డీలు దింపి కాంక్రీటు నింపుతారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన దేశంలో వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. లోతైన రేగడిలో ఇవి కనీసం మూడున్నర మీటర్లు దిగాలి. అంత లోతున మట్టి ఎండకూ వానకూ అంతగా మారదు. పైనుండే బీముకూ నేలకూ మధ్య 8 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. మట్టి ఉబ్బినా బీమును తన్నదు.

ఇల్లయ్యాక మన వంతు ఒకటుంది. గోడ పక్కన నీళ్ళు నిలవనివ్వకండి. ఇంటిచుట్టూ మూడు నాలుగడుగుల గచ్చు బయటికి వాలుగా చేయించండి. స్నానాలగది గొట్టం కారుతుంటే రేపు చూద్దామనకండి. పెద్ద చెట్లు గోడకు దూరంగా నాటండి.

మట్టి పరీక్షకయ్యే డబ్బు ఇంటి ఖర్చులో ఒక మూలకు రాదు. పునాదిలో జరిగిన పొరపాటు దిద్దాలంటే మాత్రం ఇల్లు ఖాళీ చేయవలసి రావచ్చు. కాబట్టి ముగ్గు పోసేముందు "మట్టి పరీక్ష చేయించారా?" అని ఇంట్లో మొదట అడిగేది మీరే కావాలి.