‘కట్’ ఒక్కటే... కోతలెన్నో!

‘అమ్మ చెయ్యి కట్ అయింది’... ఇంటి నుంచి ఇలా ఫోనొస్తే ఆఫీసులో ఉన్నవాళ్లకి కాళ్లూ చేతులూ ఆడవు. హడావుడిగా ఆటో ఎక్కి ఇంటికొచ్చి చూస్తే... బెండకాయలు తరుగుతుంటే చూపుడువేలు కాస్త తెగింది. అంతే! ఫోను చేసినవాళ్లు అబద్ధమేం చెప్పలేదు. కాకపోతే తెగినా, గీరుకుపోయినా, చీరుకుపోయినా అన్నిటికీ ‘కట్’ అనేయడం మనకి అలవాటైపోయింది. నిజానికి ఇంగ్లిష్‌లో కోతలకీ గాయాలకీ బోలెడన్ని మాటలున్నాయి. దేని పని దానిదే. ఆ తేడా తెలియకపోతే కూర రుచి మారుతుంది, ఆస్పత్రి కాగితం మీద రాత మారుతుంది. ఒక్కోసారి కేసే మారిపోతుంది!

వంటింట్లోనే నిఘంటువు

ముందు ప్రమాదం లేని చోటి నుంచి మొదలుపెడదాం. ఇంగ్లిష్ వంటల పుస్తకంలో ‘కట్’ అని ఉంటే ఎలా కోసినా ఫర్వాలేదని అర్థం. ‘చాప్’ అంటే ముక్కలు చేయాలి, కానీ అన్నీ ఒకే ఆకారంలో ఉండాలన్న పట్టింపు లేదు. ‘స్లైస్’ అంటే పల్చగా, బిళ్లల్లా కోయాలి. బ్రెడ్డు ముక్కని మనం స్లైస్ అనేది అందుకే. ‘డైస్’ అంటే ఆటలో వేసే పాచిక. బంగాళాదుంపని డైస్ చేయమన్నారంటే పాచికల్లా చదరపు ముక్కలు కోయమనే. ‘మిన్స్’ అంటే ఇంకా సన్నగా... మాంసం కొట్టులో మనం కొట్టించే కీమా అన్నమాట. కొబ్బరి తురిమితే ‘గ్రేట్’, అరటికాయ చెక్కు తీస్తే ‘పీల్’.

వీటన్నిటిలో గమ్మత్తైన మాట ‘స్లిట్’. గుత్తి వంకాయ చేసేటప్పుడు ఏం చేస్తాం? తొడిమ ఊడకుండా నాలుగు పక్కలా గాట్లు పెడతాం. కాయ తెగాలి, ముక్కలు మాత్రం కాకూడదు. అదే స్లిట్! పులుసులో పచ్చిమిర్చిని నిలువుగా చీల్చి వేయడమూ అదే. ఆ మాట తెలియక మిర్చిని సన్నగా తరిగి పడేశారనుకోండి... గింజలు పులుసంతా కలుస్తాయి. పిల్లలు తీసి పక్కన పెడదామన్నా మిరపకాయ దొరకదు. ఒక్క మాట తేడాకి మంచినీళ్ల బిందె ఖాళీ!

ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలకి ఇంకో చిక్కుంది. ‘కట్’కి భూతకాలంలోనూ ‘కట్’ అనే అనాలి, ‘కట్టెడ్’ అనకూడదు. ‘స్లిట్’, ‘స్ప్లిట్’ కూడా అంతే. ‘చాప్’, ‘స్లైస్’ మాత్రం బుద్ధిగా మామూలు దారిలోనే నడుస్తాయి.

‘బ్రేక్’ దగ్గర మనదే పైచేయి

ఇంగ్లిష్‌లోనే అన్ని తేడాలూ ఉన్నాయనుకుంటే పొరపాటు. కర్ర విరుగుతుంది. కుండ పగులుతుంది. దారం తెగుతుంది. ఈ మూడింటికీ ఇంగ్లిష్‌వాళ్లు ‘బ్రేక్’ అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. మనం ‘కుండ విరిగింది’ అనో ‘దారం పగిలింది’ అనో అంటే పక్కింటి పసివాడు కూడా నవ్వుతాడు!

బ్రేక్ ఒక్కటే అయినా, ఎంత పగిలిందన్నది చెప్పడానికి మాత్రం వాళ్లకి వేరే మాటలున్నాయి. ఫోను చేజారి అద్దం మీద గీతలా బీట పడితే ‘క్రాక్’. అదే అద్దం తునాతునకలైతే ‘షాటర్’. కావాలని నేలకేసి కొడితే ‘స్మాష్’. పుల్ల పుటుక్కున విరిగితే ‘స్నాప్’.

కాగితం, బట్టల సంగతి వేరు. కత్తెరతో కత్తిరిస్తే ‘కట్’, చేత్తో లాగి చింపితే ‘టేర్’. ఒక్క ఉదుటున బర్రున చింపేస్తే ‘రిప్’. కట్టెని నారవెంట చీలిస్తే ‘స్ప్లిట్’. అన్నట్టు, టేర్‌ని అవే అక్షరాలతో రాసి ‘టియర్’ అని పలికితే కన్నీటి చుక్క అవుతుంది. కొత్త చీర చిరిగిన రోజున రెండూ ఒకటే అనిపిస్తే అది వేరే విషయం!

ఈ మాటల మీద భాషా శాస్త్రవేత్తలు పెద్ద పరిశోధనే చేశారు. నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సైకోలింగ్విస్టిక్స్ సంస్థకు చెందిన పరిశోధకులు కోయడం, విరవడం, చింపడం లాంటి పనులున్న 61 చిన్న వీడియోలు తయారుచేశారు. తమిళం, హిందీ సహా 28 భాషలవాళ్లకి చూపించి, అక్కడ జరిగినదాన్ని వాళ్ల మాటల్లో చెప్పించారు. 2007లో వెలువడిన ఫలితాల్లో తేలిందేంటంటే... మాటలు ఎన్ని, ఎక్కడ గీత గీస్తాయి అన్నది భాషనిబట్టి మారుతుంది. కానీ దాదాపు అన్ని భాషలూ ఒక విషయం పట్టించుకుంటాయి. వస్తువు ఎక్కడ విడిపోతుందో ముందే చెప్పగలమా, లేదా? కత్తి పెడితే పెట్టినచోటే తెగుతుంది. సుత్తితో కొడితే ఎక్కడ పగులుతుందో కొట్టినవాడికే తెలియదు. కోతకీ పగులుకీ మధ్య ఉన్న అసలు తేడా అదే!

వస్తువుకి డ్యామేజ్... మనిషికి?

‘యాక్సిడెంట్‌లో ఆయన బాగా డ్యామేజ్ అయ్యాడు’ అనేస్తుంటాం. డ్యామేజ్ అయ్యేది బండి. మనిషికి తగిలేది ‘ఇంజురీ’. ఆయుధంతో అయిన గాయాన్ని ఎక్కువగా ‘వూండ్’ అంటారు. లివర్, మెదడు లాంటి అవయవాలు పాడైనప్పుడు మాత్రం డ్యామేజ్ అనే అంటారు. అదే మాట చివర ‘స్’ చేర్చి కోర్టులో ‘డ్యామేజెస్’ అంటే అర్థం పూర్తిగా మారిపోతుంది. అది జరిగిన నష్టం కాదు, దానికి కట్టాల్సిన పరిహారం!

గాయం పేరు మారితే కేసు మారుతుంది

ఇక అసలు విషయం. పిల్లి రక్కినా, ముల్లు గీరుకున్నా ‘స్క్రాచ్’. బండి మీద నుంచి పడి మోకాలు దోక్కుపోతే ‘గ్రేజ్’. రేకు అంచు తగిలి పొడవుగా, లోతుగా తెగితే ‘గ్యాష్’. ఇవి ఇంట్లో వాడే మాటలు. ఆస్పత్రిలో డాక్టర్ రాసే వూండ్ సర్టిఫికెట్‌లో వీటి పేర్లు మారిపోతాయి.

చర్మం పైపొర గీరుకుపోతే ‘అబ్రేషన్’. చర్మం చెక్కుచెదరకుండా లోపల రక్తనాళాలు చిట్లి కమిలిపోతే ‘కంట్యూజన్’. పదునైన అంచుతో తెగితే ‘ఇన్‌సైజ్డ్ వూండ్’. దాని అంచులు నున్నగా ఉంటాయి, లోతు కంటే పొడవు ఎక్కువ. పొడవు కంటే లోతు ఎక్కువుంటే అది పోటు, అంటే ‘స్టాబ్’. గొడ్డలి లాంటి బరువైన ఆయుధంతో నరికితే ‘చాప్ వూండ్’. వంటింట్లో చూసిన చాపే ఇక్కడ ఎంత భయం పుట్టిస్తుందో చూడండి.

కర్ర, రాయి లాంటి మొద్దు వస్తువు తగిలి చర్మం చిట్లితే ‘లాసరేషన్’. లాటిన్‌లో ఈ మాటకి మూలార్థం చింపడం. అంచులు కాగితం చింపినట్టే ఎగుడుదిగుడుగా ఉంటాయి. అయితే తల మీద, మోకాలి కింద ఎముక చర్మానికి దగ్గరగా ఉంటుంది. అక్కడ కర్ర దెబ్బ తగిలినా చర్మం కత్తితో కోసినట్టు తిన్నగా చిట్లుతుంది. పైపైన చూస్తే కత్తి గాటే అనిపిస్తుంది. గాయం లోపల ఇంకా తెగకుండా మిగిలిన సన్నని పోగులను చూసి అది దెబ్బో, కోతో డాక్టర్లు తేలుస్తారు.

ఆ తేడాకి అంత విలువెందుకు? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం, కావాలని మామూలు గాయం చేస్తే 115(2) సెక్షన్ కింద ఏడాది వరకూ జైలు. అదే గాయం పొడిచే, కోసే ఆయుధంతో చేస్తే 118(1) కింద మూడేళ్ల వరకూ! కర్రయినా, రాయైనా ప్రాణం తీయగలిగేలా వాడారా అన్నదీ చూస్తారు. గట్టు తగాదాలో కర్ర దెబ్బ తిన్న మనిషి బాధలో ‘కట్ చేశారండీ’ అంటే, సర్టిఫికెట్‌లోని లాసరేషన్‌కీ ఆ మాటకీ పొంతన కుదరదు. అవతలి లాయరు పట్టుకునేది సరిగ్గా దాన్నే.

అనువాదంలోనూ ఇలాంటి గొయ్యి ఒకటుంది. ఇంగ్లిష్‌లో ‘ఆమె చెయ్యి కట్ చేసుకుంది’ అన్నట్టుగా రాసినా, చాలాసార్లు అది పొరపాటున జరిగిందే. దాన్ని తెలుగులో ‘చెయ్యి కోసుకుంది’ అని రాసేస్తే? చదివినవాళ్ల మనసు ఎక్కడికో పోతుంది. ‘చెయ్యి తెగింది’ అంటే చాలు, అది ప్రమాదమని మన భాషే చెబుతుంది.

కాబట్టి ఇంగ్లిష్ మాట కోసం తడుముకునే ముందు తెలుగులో మూడు ప్రశ్నలు వేసుకోండి. దేనితో? ఎలా? ఎంత లోతు? జవాబు తెలుగులో స్పష్టంగా ఉంటే ఇంగ్లిష్ మాట దానంతటదే దొరుకుతుంది. దొరక్కపోయినా ఫర్వాలేదు, డాక్టర్‌కి కావలసింది ఆ మూడు జవాబులే.

ఇక ఇంటి నుంచి ఫోను చేసేటప్పుడు ‘కట్’ జోలికే వెళ్లొద్దు. ‘బెండకాయలు తరుగుతుంటే వేలు కాస్త తెగింది, కట్టు కట్టాం’ అనండి. అవతలివాళ్ల గుండె దడా తగ్గుతుంది, ఆటో ఖర్చూ మిగులుతుంది!