పంటల బీమా సబ్సిడీ: వర్తకుని ఖాతాకూ సంబంధమున్న విషయం

కొత్తవాడ (వరంగల్): పత్తి సీజను ముగిసి ఖాతాలు సరిచూసుకునే వేళ అడ్తి దుకాణాల్లో రెండు రకాల బాకీలు తేలతాయి. ఒకటి, పంట చేతికొచ్చినా కట్టని బాకీ. రెండోది, పంటే రాక కట్టలేని బాకీ. మొదటిది నయానో భయానో వసూలవుతుంది. రెండోదాని కోసం ఎన్నిసార్లు ఊరికి తిరిగినా ఫలితముండదు. విత్తనాలకు, ఎరువులకు మళ్లీ అప్పిస్తేనే పాత బాకీపై ఆశ మిగులుతుంది. కాబట్టి పంటల బీమాకు ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వాలా వద్దా అన్నది రైతుకూ ఖజానాకూ మధ్య వ్యవహారం మాత్రమే కాదు. పంట నష్టం చివరకు ఎవరి ఖాతాలో పడాలన్నదే అసలు ప్రశ్న.

ఎనుమాముల యార్డుకు సరుకు రాబడి తగ్గితే అడ్తిదారుకు కమీషన్, హమాలీకి కూలి, జిన్నింగు మిల్లుకు పని తగ్గుతాయి. కొత్తవాడ జంపఖానాల వ్యాపారానికి దెబ్బ రెండు వైపుల నుంచి తగలవచ్చు. పత్తి కొరత విస్తారమైతే నూలు ధర పెరుగుతుంది. పల్లెల్లో డబ్బు ఆడకపోతే తయారైన సరుకుకు గిరాకీ మందగిస్తుంది.

పాత అనుభవం ఏమంటున్నది?

దేశంలో పంటల బీమా మొదలైంది పత్తితోనే. 1972-73లో గుజరాత్‌లో హెచ్-4 పత్తికి ప్రయోగాత్మకంగా ప్రారంభించి, తర్వాత మరికొన్ని రాష్ట్రాలకు, పంటలకు విస్తరించారు. 1978-79 వరకు అందులో చేరిన రైతులు 3,110 మంది మాత్రమే. వసూలైన ప్రీమియం 4.54 లక్షల రూపాయలు కాగా, చెల్లించిన పరిహారం 37.88 లక్షలు. ఒక్కొక్క రైతు చేను విడివిడిగా చూసి నష్టం కట్టడం సాగదని అప్పుడే తేలింది. ప్రొఫెసర్ వి.ఎం. దండేకర్ సూచించిన ప్రాంతీయ పద్ధతిలో 1979లో మరో ప్రయోగం జరిగింది. ఒక ప్రాంతపు సగటు దిగుబడి పడిపోతే అక్కడ బీమా చేసిన వారందరికీ ఒకే నిష్పత్తిలో చెల్లించడం ఈ పద్ధతి.

1985లో సమగ్ర పంటల బీమా పథకం వచ్చింది. ధాన్యాలకు 2 శాతం, పప్పు, నూనె గింజలకు 1 శాతం ప్రీమియం పెట్టారు. 1999 వరకు సుమారు 400 కోట్లు వసూలు చేసి, సుమారు 2,300 కోట్లు చెల్లించారు. అయితే పత్తి ఆ పథకంలో లేదు. 1997-98లో అకాల వర్షాలు, పురుగు ఉధృతి కలిసి వరంగల్ జిల్లా పత్తి రైతును కూల్చినప్పుడు ఆ పంటకు పథకం నుంచి పైసా రాలేదు. మందుల దుకాణాల్లో అప్పులు అప్పులుగానే మిగిలాయి. ఆ ఏటి రైతుల ఆత్మహత్యలు దేశమంతటా చర్చకు వచ్చాయి. 1999-2000 రబీ నుంచి అమలైన జాతీయ వ్యవసాయ బీమాలో పత్తి వంటి వాణిజ్య పంటలకు చోటు దొరికింది.

సబ్సిడీ లేకుండా నడవదా?

గోదాముకు అగ్ని బీమా చేసే వర్తకుడు ప్రీమియం మొత్తం తానే కట్టుకుంటాడు గదా, రైతుకు ఖజానా ఎందుకు కట్టాలన్న ప్రశ్న సహజమే. తేడా ఉన్నది. నూరు గోదాముల్లో ఏ ఒక్కటో అంటుకుంటే తొంభై తొమ్మిది మంది కట్టిన సొమ్ముతో ఆ నష్టం తీరుతుంది. వాన ఎగ్గొడితే నూరు చేన్లూ ఒకేసారి ఎండుతాయి. అందుచేత పంటకు న్యాయమైన ప్రీమియమే ఎక్కువ. అంత కట్టే శక్తి వానపై బతికే రైతుకు లేదు.

2016 ఖరీఫ్‌లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన ఈ లెక్కపైనే నిలిచింది. రైతు వాటా ఖరీఫ్ ఆహార, నూనె గింజల పంటలకు 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య పంటలకు 5 శాతం. ఉదాహరణకు ఎకరాకు 40,000 రూపాయల బీమాపై అసలు ప్రీమియం 12 శాతమనుకుంటే మొత్తం 4,800. పత్తి రైతు కట్టేది 2,000. మిగిలిన 2,800ను కేంద్ర, రాష్ట్రాలు సగం సగం భరించాలి. అమెరికాలో 1938 నుంచి పంటల బీమా ఉన్నది. అక్కడి రైతుకూ ప్రీమియంలో సగానికి పైగా ప్రభుత్వమే కడుతున్నది.

అభ్యంతరాల్లో బలమున్నది

సబ్సిడీ సొమ్ము బీమా కంపెనీలకు లాభంగా మారుతున్నదన్న ఫిర్యాదు, పరిహారం ఆలస్యమవుతున్నదన్న ఫిర్యాదు కొట్టివేయదగినవి కావు. రాష్ట్రం తన వాటా కట్టడంలో జాప్యం చేస్తే రైతుకు చెల్లింపూ ఆగుతుంది. విత్తనాల వేళ దాటాక వచ్చిన పరిహారం అప్పు పెరగకుండా ఆపలేదు. వాతావరణ బీమాలో మరో చిక్కు ఉన్నది. అక్కడ కొలిచేది వానను గానీ పంటను కాదు. వానమాపకం ఉన్న చోట కురిసి చేను మీద కురవకపోతే రైతుకు దక్కేది లేదు.

తెలంగాణ 2020లో ఫసల్ బీమా నుంచి తప్పుకున్నది. తిరిగి చేరాలని 2024 మార్చిలో నిర్ణయం వెలువడింది. ఈ మధ్య కాలంలో కొందరు రైతు బీమాను, పంటల బీమాను ఒకటిగా అనుకున్నారు. 2018లో వచ్చిన రైతు బీమా ప్రాణానికే గాని పంటకు కాదు. ధర పతనం కూడా పంటల బీమా కిందికి రాదు. దానికి మద్దతు ధర, భారత పత్తి సంస్థ కొనుగోళ్లు వేరుగా ఉన్నవి.

వర్తకులు కోరవలసినది

సబ్సిడీ ఇవ్వవలసిందే. ఇవ్వకపోతే ఆ భారాన్ని అడ్తిదారు, మందుల వ్యాపారి వడ్డీ రూపంలో రైతుపైనే వేస్తారు, వడ్డీ కూడా రాని ఏడు తామే మునుగుతారు. అయితే మూడు షరతులు ముఖ్యం. జూన్ విత్తనాలకు ముందే పరిహారం ముట్టాలి. నష్టం లెక్క గ్రామానికి దగ్గరగా ఉండాలి. పట్టా లేని కౌలు రైతును విడవరాదు. బ్యాంకు తలుపు తీయని కౌలు రైతే ఎక్కువగా అడ్తి గడప తొక్కుతాడు. అతనికి బీమా అందకపోతే సబ్సిడీకి ఎన్ని కోట్లు ఖర్చయినా అడ్తి ఖాతాలో రెండో రకం బాకీ తరగదు. సీజను ముందు ప్రభుత్వానికి విన్నపాలు పంపే వర్తక సంఘాలు మార్కెట్ ఫీజు, హమాలీ రేట్లతోపాటు ఈ మూడింటినీ చేర్చడం వ్యాపారానికి మేలు.