కుంగిన మనస్సు – మసకబారిన జ్ఞాపకములు

ఒక రైతు కొంతకాలముగా ఎవరితోను కలియక, ఇంటి అరుగుపై మౌనముగా కూర్చుండుచున్నాడనుకొందము. పంచాయతీ సభ్యుడు పోయి కారణమడిగిన, "ఏమున్నది, అంతా నష్టమే, నా బ్రతుకెప్పుడును ఇంతే" అనును. ఏ పంట, ఏ నెల, ఎవరితో తగవు అను వివరము రాదు. అతడు మాట దాచుచున్నాడని పెద్దలు తలంచుట కద్దు. కాని ఇట్టి సమాధానము మానసికమైన కుంగుబాటునకు చిహ్నము కావచ్చును.

1986లో ఇంగ్లండునందు మార్క్ విలియమ్స్, కీత్ బ్రాడ్‌బెంట్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు, ఆత్మహత్యకు యత్నించి బ్రతికినవారికి "సంతోషము" వంటి ఒక్కొక్క మాట చెప్పి, దానికి సంబంధించి ఒకనాడు జరిగిన సంఘటనను తెలుపుమనిరి. ఇతరులతో పోల్చగా వీరు తరచుగా గంపగుత్త సమాధానములే యిచ్చిరి.

దీనికి కారణమేమి? అడంగలులో ఒక పొలమును వెదకునపుడు మొదట గ్రామము, పిదప సర్వే నెంబరు చూతుము. మనస్సును అట్లే ముందు జీవితములోని ఒక ఘట్టమును, పిదప ఒక దినమును చేరును. కుంగిన మనస్సు గ్రామము పేరువద్దనే ఆగిపోవును. ఇందుకు మూడు కారణములను శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఒకటి, "నేను పనికిరానివాడను" అను చింత మాటిమాటికి తిరుగుచు, వెదకులాటను దారి మళ్లించును. రెండు, నిర్దిష్టమైన జ్ఞాపకము బాధించునను భయమున మనస్సు దానిని తప్పించుకొనును. మూడు, వెదకుటకు కావలసిన ఏకాగ్రత సన్నగిల్లును.

అయితే ఈ జ్ఞాపకములు నశించినవి కావు. కుంగుబాటు గలవారి దృష్టిని చింతనుండి కొంతసేపు మరల్చినపుడు గంపగుత్త జ్ఞాపకములు తగ్గినవని 2000లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలిపినది. నిర్దిష్టముగా జ్ఞాపకము చేసికొనుటను అభ్యాసము చేయించు పద్ధతిని బెల్జియములో ఫిలిప్ రేస్ మొదలగువారు 2009లో పరీక్షించి, ఫలితము కలదని చూపిరి.

ఇది చిన్న విషయము కాదు. నిరుడు అప్పు ఎట్లు తీర్చినది, ఆపదలో ఎవరు ఆదుకొన్నది గుర్తునకు రానివానికి నేటి చిక్కునుండి బయటపడు మార్గమును తోచదు.

కావున పంచాయతీ సభ్యులు అట్టివారిని గద్దింపరాదు. "నిన్న ఉదయము ఏమి చేసితివి? ఎవరు వచ్చిరి?" అని చిన్న సంగతులను ఓర్పుతో అడుగవలెను. బాధాకరమైన సంఘటనలను బలవంతముగా చెప్పింపరాదు. అయితే ఈ పలకరింపు చికిత్సకు బదులు కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తోడ్కొని పోవలెను. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నెంబరున తెలుగులోను ఉచితముగా లభించును. చావు మాట ఎత్తినవారిని ఒంటరిగా విడువరాదు.

"అంతా ఇంతే" అను మాట వినబడినపుడు దానిని ఫిర్యాదుగా గాక, సాయమునకై పిలుపుగా గ్రహించుట గ్రామ పెద్దల ధర్మము.