యుద్ధం గెలిచిన అమెరికాలో నల్ల సైనికుడికి ఏం దక్కింది?

రెండో ప్రపంచ యుద్ధం ఎక్కడో జరిగిందనుకుంటాం. ఆ రోజుల్లో తాడేపల్లిగూడెంలో వేసిన విమానాల రన్‌వే చూస్తే అది మన గుమ్మం దాకా వచ్చిందని తెలుస్తుంది. యుద్ధం అయ్యాక దాని ఫలం ఎవరి ఇంటికి చేరింది అన్న ప్రశ్న కూడా మనకి అంత దగ్గరదే. అందుకే అమెరికా సంగతి చూద్దాం.

1945 తర్వాతి పదేళ్లూ అమెరికాకి స్వర్ణయుగమని అంటారు. జీతాలు పెరిగాయి. మామూలు కార్మికుడు కూడా సొంత ఇల్లు, కారు కొన్నాడు. దీనికి పునాది వేసిన వాటిలో ముఖ్యమైంది 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన మాజీ సైనికుల చట్టం. జి.ఐ. బిల్లు అన్న పేరుతో అందరికీ తెలుసు. తిరిగొచ్చిన సైనికుడికి చదువు ఖర్చు, చదివినన్నాళ్లూ భత్యం, ఇంటికీ పొలానికీ వ్యాపారానికీ తీసుకునే అప్పుకి ప్రభుత్వ హామీ దీనిలో ఉన్నాయి. 1956 నాటికి సుమారు 78 లక్షల మంది దీని కింద చదువో పని శిక్షణో పొందారు. సొంత కష్టంతోనే పైకొచ్చామని చెప్పుకునే అమెరికా మధ్యతరగతికి సర్కారు వేసిన నిచ్చెన ఇది.

ఈ చట్టంలో తెల్లవాళ్లకే అని ఎక్కడా రాయలేదు. పది లక్షలకి పైగా నల్లవాళ్లు ఆ యుద్ధకాలంలో సైన్యంలో పనిచేశారు. కాగితం మీద వాళ్లకీ సమాన హక్కే. మోసమంతా అమలులో ఉంది. మిసిసిపీ నుంచి ఎన్నికైన జాన్ రాంకిన్ లాంటి దక్షిణాది నాయకులు అమలు స్థానికుల చేతుల్లోనే ఉండాలని పట్టుబట్టారు. ప్రభుత్వం హామీ మాత్రమే ఇస్తుంది, అప్పు ఇవ్వాల్సింది ఊళ్లో బ్యాంకు. ఆ బ్యాంకు తెల్లవాళ్లది. దాంతో 1947లో మిసిసిపీలో ఇలా ఇచ్చిన 3,229 అప్పుల్లో నల్లవాళ్లకి దక్కినవి రెండంటే రెండు! అదే ఏడు న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ అనే కొత్త కాలనీ కట్టడం మొదలుపెట్టారు. అందులో నల్లవాళ్లు కాపురం ఉండకూడదని ఒప్పంద పత్రంలోనే రాశారు. మన వెలివాడ గుర్తు రావట్లేదా?

ఒంటిమీది యూనిఫాం కూడా కాపాడలేదు. 1946 ఫిబ్రవరిలో ఐజాక్ ఉడార్డ్ అనే నల్ల సైనికుడు సైన్యం నుంచి విడుదలై ఇంటికి పోతుంటే, దక్షిణ కరొలైనాలో పోలీసులు కొట్టి రెండు కళ్లూ పోగొట్టారు. ఆ పోలీసు అధికారి నిర్దోషి అని తెల్లవాళ్ల జ్యూరీ తేల్చేసింది. అదే ఏడాది మెడ్గర్ ఎవర్స్ అనే మరో మాజీ సైనికుడు మిసిసిపీలో ఓటు వెయ్యబోతే తెల్లవాళ్ల గుంపు తరిమేసింది. ఇలాంటి వాటి మీద పుట్టిన ఆగ్రహమే ఉద్యమమైంది. 1948లో సైన్యంలో వివక్ష రద్దు చేస్తూ ట్రూమన్ ఇచ్చిన ఉత్తర్వు, 1954లో బడుల్లో వేర్పాటు చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పు, 1955లో మాంట్‌గొమరీ బస్సుల బహిష్కరణ, ఇవేవీ దయతో ఇచ్చినవి కావు.

ఈ పోరాటాన్ని అంబేడ్కర్ గమనిస్తూనే ఉన్నారు. 1946లో ఆయన నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న విజ్ఞాపన ప్రతులు పంపమని అడిగారు. జాతి, కులం ఒకటి కావు. కానీ చట్టం ఇచ్చిందాన్ని ఊరి పెత్తనం లాక్కునే తీరు ఒకటే.

కొల్లేరే దీనికి రుజువు. 1970లలో అక్కడ మత్స్యకారుల పేరిట, దళితుల పేరిట సహకార సంఘాలు పెట్టి చేపల చెరువులు ఇచ్చారు. సంఘం పట్టీలో పేరు మనదే. కానీ గట్టు వెయ్యాలన్నా, పిల్ల కొనాలన్నా, మేత వెయ్యాలన్నా డబ్బు కావాలి. ఆ డబ్బు ఎవరి దగ్గరుంది? చాలా చెరువులు లీజుల మీద డబ్బున్న కులాల చేతుల్లోకి పోయాయి. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2006లో చెరువు గట్లు తెంచేశారు. లీజుదారుకి వేరే పొలాలున్నాయి, వ్యాపారాలున్నాయి. సంఘం సభ్యుడికి మిగిలింది కూలి పనే.

కాబట్టి ఏ పథకం వచ్చినా మనం అడగాల్సింది పట్టీలో మన పేరుందా అని మాత్రమే కాదు. అప్పు ఇచ్చే చెయ్యి ఎవరిది? రికార్డు రాసే చెయ్యి ఎవరిది? ఏలూరు కలెక్టరేట్‌లో అర్జీ పెట్టే ముందు ఈ రెండూ తేల్చుకోవాలి.