బండి ఆగే ఉంది, మరి ఇంజన్ ఎందుకు రేజ్ చేసినాడు?

పోయిన ఎండాకాలం సెలవుల్లో జరిగింది ఇది. మా ఊరు జమ్మలమడుగు పక్కన. మా అవ్వకి ఊపిరితిత్తుల జబ్బు ఉంది. రాత్రిపూట ఆక్సిజన్ కాన్‌సన్‌ట్రేటర్ పెట్టుకునే పడుకుంటుంది. ఆ రోజు సాయంత్రం గాలివాన కొట్టి కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కదా అని ఎవరమూ కంగారు పడలేదు. గంట కూడా కాలేదు, ఇన్వర్టర్ కుయ్ కుయ్‌మని అరిచి ఆగిపోయింది. దాంతోపాటే మిషన్ ఆగింది. అవ్వకి ఆయాసం ఎక్కువైంది. నాయన అంబులెన్స్‌కి ఫోన్ చేసినాడు.

బండి వచ్చింది. టెక్నీషియన్ ముందు సిలిండర్ నుంచి ఆక్సిజన్ పెట్టినాడు. తర్వాత నెబులైజర్ ప్లగ్గు పెడుతూ, "అన్నా, కొంచెం రేజ్ చెయ్" అని పైలట్‌కి చెప్పినాడు. అంబులెన్స్ డ్రైవర్‌ని పైలట్ అనే పిలుస్తారు. బండి మా ఇంటి ముందరే ఆగి ఉంది, ఇంజన్ మాత్రం గట్టిగా మోగుతోంది. అంత టెన్షన్‌లో కూడా నాకొచ్చిన ఆలోచన ఏంటంటే, కదలని బండికి ఇంత డీజిల్ ఎందుకు దండగ అని.

అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్లు ప్రొద్దుటూరు ఆస్పత్రికి. మూడు రోజులకి అవ్వ ఇంటికొచ్చింది, ఇప్పుడు బాగుంది. నా డౌట్ మాత్రం అట్లే ఉండిపోయింది. పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో ట్రిపుల్ ఈ చదివే మా బావని అడిగితే నవ్వినాడు. "మీ సీఎస్‌ఈ వాళ్లకి కరెంటంటే చార్జర్ పిన్ను వరకే కదరా" అన్నాడు. నిజమే. అందుకే కూర్చుని నేర్చుకున్నా. నేర్చుకున్నది మీకూ చెప్తా.

1831లో మైకేల్ ఫారడే ఒక విషయం కనిపెట్టాడు. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే ఆ తీగలో కరెంటు పుడుతుంది. కదలకుండా ఉంటే ఏమీ పుట్టదు. మరుసటి ఏడాదే పారిస్‌లో హిప్పొలైట్ పిక్సీ చేత్తో తిప్పే జనరేటర్ తయారు చేశాడు. దాదాపు రెండు వందల ఏళ్లు గడిచినా మనం వాడే జనరేటర్లన్నిటికీ ఆ సూత్రమే ఆధారం.

అంబులెన్స్ బానెట్ కింద ఆల్టర్నేటర్ అని ఒకటి ఉంటుంది. ఇంజన్ తిరిగితే బెల్టు దాన్ని తిప్పుతుంది. లోపల తిరిగే భాగం రోటర్, ఇది ఒక విద్యుదయస్కాంతం. చుట్టూ కదలకుండా ఉండే తీగచుట్టలు స్టేటర్. స్టేటర్‌లో పుట్టేది ఏసీ. డయోడ్లు దాన్ని డీసీగా మార్చి బ్యాటరీకి పంపిస్తాయి. చవకైన సిలికాన్ డయోడ్లు వచ్చాకే కార్లలో పాత డైనమోల స్థానంలోకి ఆల్టర్నేటర్లు వచ్చాయి. క్రైస్లర్ కంపెనీ 1960 మోడల్ వేలియంట్ కారులోనే ఇది పెట్టింది.

ఇప్పుడు నా డౌట్‌కి వద్దాం. ఇంజన్ ఐడిల్‌లో ఉంటే రోటర్ నెమ్మదిగా తిరుగుతుంది, కరెంటు తక్కువ పుడుతుంది. రెగ్యులేటర్ రోటర్‌లోని అయస్కాంతాన్ని బలంగా చేసి కొంతవరకు సర్దుతుంది, కానీ దానికీ ఒక హద్దు ఉంది. లోపల లైట్లు, ఫ్యాన్, మానిటర్, సక్షన్ మిషన్, నెబులైజర్ అన్నీ ఒకేసారి నడిస్తే, వచ్చే కరెంటు చాలక బ్యాటరీ అరుగుతుంది. ఆ టైంలో ఇంజన్ రేజ్ చేస్తే లోటు తీరుతుంది. అంటే ఆ డీజిల్ దండగ కాదు, అవ్వ నెబులైజర్‌కి వెళ్లింది. చాలా అంబులెన్సుల్లో సామాన్లకి వేరే బ్యాటరీ కూడా ఉంటుంది. అది అయిపోయినా బండి స్టార్ట్ కావాలి కదా, అందుకు.

ఇంకో విషయం. రోటర్ ఎప్పుడూ ఒకే తేలికతో తిరగదు. మన నాయనల కాలం సైకిల్ డైనమో గుర్తుందా? టైరుకి ఆనించి లైటు వేస్తే తొక్కడం బరువయ్యేది. జనరేటర్ నుంచి ఎంత కరెంటు లాగితే అది తిరగడానికి అంత మొరాయిస్తుంది. ఊరికే ఏదీ రాదు.

ఇదే కథ పెద్ద సైజులో చూడాలంటే ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కండి. దూరంగా పొగగొట్టాలు కనిపిస్తాయి. అదే కలమల్ల దగ్గరున్న ఆర్‌టీపీపీ, రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంట్. 1994లో మొదటి యూనిట్ మొదలైంది. ఇప్పుడు 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 600 మెగావాట్లది ఒకటి, మొత్తం 1650 మెగావాట్లు. అక్కడ బెల్టు బదులు ఆవిరితో తిరిగే టర్బైన్. రోటర్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది. సెకనుకి 50 సార్లు అన్నమాట, మన ఇంట్లో కరెంటు 50 హెర్ట్జ్ కావడానికి కారణం అదే. ఆ వేడిని చల్లార్చడానికి ఇంత పెద్ద జనరేటర్లలో గాలి బదులు హైడ్రోజన్ నింపుతారు. గాలి కంటే అది పద్నాలుగో వంతు బరువే, కాబట్టి రోటర్‌కి రాపిడి తక్కువ, పైగా వేడిని త్వరగా లాగేస్తుంది.

జిల్లాలో అందరూ ఒకేసారి మోటార్లు వేస్తే ఆ రోటర్ కూడా సైకిల్ డైనమో లాగే బరువవుతుంది, స్పీడ్ కొంచెం తగ్గబోతుంది. గవర్నర్ అనే ఏర్పాటు అది కనిపెట్టి ఆవిరి వాల్వు ఇంకాస్త తెరుస్తుంది. మా ఇంటి ముందు "అన్నా, రేజ్ చెయ్" అని టెక్నీషియన్ చేసిన పనే అక్కడ గవర్నర్ చేస్తోంది.

108 సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి మన పులివెందుల ఎమ్మెల్యేనే. అంబులెన్స్ అంటే పేషెంట్‌ని మోసుకుపోయే వ్యాన్ అనుకునేవాణ్ని. ఇప్పుడు చూస్తే, అది సొంత పవర్ ప్లాంట్ ఉన్న చిన్న వార్డు.

అయితే బండి వచ్చేదాకా ఉన్న టైం మాటేంటి? నాకు అసలు బుద్ధొచ్చింది ఇక్కడే. ఆస్పత్రిలో కరెంటు పోతే డీజిల్ జనరేటర్ అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సందులో యూపీఎస్ ఆదుకుంటుంది. ఒకటి పోతే ఇంకోటి, అది పోతే మరోటి. మా ఇంట్లో ఆ వరుస లేదు. లెక్క కూడా ఎవరం వెయ్యలేదు.

ఆ లెక్క ఇదిగో. ఐదు లీటర్ల కాన్‌సన్‌ట్రేటర్ సుమారు 350 వాట్లు తాగుతుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు ఉంటాయి. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చెయ్యకూడదు, ఇన్వర్టర్‌లో కొంత వేడిగా పోతుంది. చేతికొచ్చేది 1100 అనుకుందాం. అంటే కొత్త బ్యాటరీ అయినా మూడు గంటలు. మాది నాలుగేళ్ల పాతది, పైగా దాని మీదే రెండు ఫ్యాన్లు, టీవీ. గంటలో ఆగిపోవడంలో వింతేముంది?

సిలిండర్‌కి కరెంటే అక్కర్లేదు. బి టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున అయితే 750 నిమిషాలు, పన్నెండు గంటల పైమాటే. డాక్టర్‌ని అడిగి ఇప్పుడు ఒకటి తెచ్చి అవ్వ మంచం పక్కన పెట్టినాం. ఇన్వర్టర్ లైన్ నుంచి టీవీ పీకేసినాం.

మీ ఇంట్లో కూడా ఎవరైనా ఇట్లాంటి మిషన్ మీద ఉంటే ఈ సెలవుల్లో ఒక పని చెయ్యండి. పగలే, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు, పేషెంట్‌కి పెట్టకుండా మిషన్‌ని ఒట్టిగా ఇన్వర్టర్ మీద నడిపి ఎన్ని నిమిషాలు వస్తుందో చూడండి. ఆ నంబర్ గోడ మీద రాసిపెట్టండి. మేము రాసినాం. మాది నలభై రెండు నిమిషాలు. బ్యాటరీ మార్చేదాకా ఆ అంకె అట్లే ఉంటుంది.