సుద్దనేలలో పండిన పులుపు

ఫ్రాన్సు దేశపు ఈశాన్యభాగమున, 49వ ఉత్తరాక్షాంశమునకు సమీపమున, రాన్స్, ఎపెర్నే పట్టణముల చుట్టును వ్యాపించిన షాంపేను సీమలో ఎండ చాలదు, చలి తొందరగా వచ్చును, త్రవ్వినకొద్ది తెల్లని సుద్ద బయల్పడును. అట్టిచోట కోసిన ద్రాక్ష రసమును చవిచూచినవారికి దంతములు పులియక మానవు. వెచ్చని సీమలవారు లోపమని త్రోసిపుచ్చదగిన ఈ పులుపే, లోకమంతయు వేడుకలలో పొంగించు ఆ పానీయమునకు ప్రాణమైనది. షాంపేనును మెచ్చుకొనువారు బుడగలను పొగడుదురే గాని, ఆ బుడగలకు రుచి నిచ్చునది ఈ పులుపని తలంపరు.

అచట ముఖ్యముగా పండించు జాతులు మూడు. షార్డొనే తెల్లద్రాక్ష, పినో న్వార్, మున్యే అను రెండును నల్లనివి. నల్లద్రాక్షనుండి బంగారుఛాయ గల వైను ఎట్లు వచ్చునని పాఠకులు శంకింపవచ్చును. రంగంతయు తోలులోనే గాని రసములో నుండదు. కావున గుత్తులను చేతితోనే కోసి, తోలు నలిగి రంగు దిగకమునుపే మెల్లగా పిండుదురు. 4,000 కిలోల ద్రాక్షనుండి మొదట వచ్చు 2,050 లీటర్లు శ్రేష్ఠము, తరువాతి 500 లీటర్లు రెండవ తరగతి. అంతకుమించి పిండిన రసము షాంపేనునకు పనికిరాదని శాసనము. షార్డొనే నిమ్మపండును తలపించు తీక్ష్ణతను, ఏండ్ల తరబడి నిలువగల దార్ఢ్యమును ఇచ్చును; పినో న్వార్ వలన బలమును గాంభీర్యమును కలుగును. ఆకుల అడుగున పిండి చల్లినట్లు తెల్లని నూగుతో కానవచ్చు మున్యే, ఆలస్యముగా చిగిర్చుటచే మార్న్ నదీలోయలోని వసంతకాలపు మంచుదెబ్బను చాలవరకు తప్పించుకొని, లేతవయసుననే ఫలసౌరభమును వెదజల్లును.

ఓవిలేర్ మఠములో 1668 నుండి నేలమాళిగల అధికారిగా నుండిన దోమ్ పెరిన్యోన్ అను సన్న్యాసి ఈ బుడగలను కనిపెట్టెనను ప్రతీతి నిలువదగినది కాదు. శరత్తులో చలికి నిద్రించిన కిణ్వనము వసంతమున మరల మేల్కొని సీసాలను పగులగొట్టుచుండిన ఆ కాలమున బుడగ దోషముగానే ఎంచబడుచుండెను. వేర్వేరు తోటల పంటను నేర్పుతో కలుపుటయే ఆయన ఘనత. చక్కెర చేర్చి వైనును పొంగించు పద్ధతిని క్రిస్టఫర్ మెరెట్ అను ఆంగ్లేయుడు 1662లోనే లండనులోని రాయల్ సొసైటీకి నివేదించియుండెను.

నేడు సిద్ధమైన వైనునకు లీటరుకు రమారమి 24 గ్రాముల చక్కెరను, ఈస్టును చేర్చి, సీసాలో బిగించి, సుద్దగుహలలో పరుండబెట్టుదురు. లోపల పుట్టిన బొగ్గుపులుసు గాలి వెలికి దారిలేక వైనులోనే లీనమై, ఒత్తిడి ఆరు వాతావరణముల వరకు పెరుగును. కనీసము 15 నెలలు, ఒకే యేటి పంటతో చేసినదైనచో 3 సంవత్సరములు, నిలువయుంచిన పిమ్మటనే అమ్మవలెను. ఆ కాలమున మృతమైన ఈస్టు కాల్చిన రొట్టె పరిమళమును ప్రసాదించి, తాను మడ్డిగా మిగులును. ఆ మడ్డిని తొలగించు ఉపాయమును, 27 ఏండ్ల వయసున భర్తను కోల్పోయి వ్యాపారభారమును తలకెత్తుకొన్న క్లికో అను వితంతువు 1816 ప్రాంతమున సాధించెను. రంధ్రములు గల బల్లలో సీసాల మెడలను గ్రుచ్చి, పనివాడు చేతి కొకటిగా రెండు సీసాలను పట్టి, కొంచెము కుదిపి, త్రిప్పి, దినదినమును మరికొంత తలక్రిందులు చేయును. వారములు గడచునప్పటికి మడ్డియంతయు మూతచెంతకు చేరును. అంతట మెడను గడ్డకట్టించి మూత తీయగానే, వాయుబలముచే ఆ గడ్డ చిమ్ముకొని పోవును. ఆ యువతి పట్టుదలను తలచినప్పుడెల్ల నాకు గౌరవము ద్విగుణమగును.

తరిగిన భాగమును వైనుతోను, కొలది చక్కెరతోను పూరింతురు. లీటరుకు 12 గ్రాములకు లోపుగా చక్కెర యున్నది బ్రూట్. 32 మొదలు 50 గ్రాముల వరకు ఉన్నది దమిసెక్.

ఏ భోజనమునకు ఏది తగునో మరల ఈ పులుపే నిర్ణయించును. నూనెయు, వెన్నయు నోటిలో మిగిల్చిన జిడ్డును పులుపును బుడగలును కలిసి కడిగివేయును. కేవలము షార్డొనేతో చేసిన బ్రూట్, సముద్రపు టుప్పదనము గల పచ్చి ఆల్చిప్పలకు తోడు. పినో న్వార్ హెచ్చుగా గలది కాల్చిన కోడిమాంసమునకును పుట్టగొడుగులకును ఒప్పును. మన వంటలలో కారము తగ్గించి వేయించిన పకోడీలకు, ఉప్పు చేర్చిన జీడిపప్పునకు ఇది చక్కగా పొసగును గాని, మిరపకారము మిక్కుటమైన కూరలతో పొసగదు. బుడగలును మద్యమును ఆ మంటను మరింత హెచ్చించును. పెండ్లివిందులలో తీపి కేకుతో బ్రూట్‌ను అందించు ఆచారము ఎంత వ్యాపించినను నేను సమర్థింపజాలను. తీపిముందు అది వట్టి పులుపుగా తోచును. అచట నింపవలసినది దమిసెక్.