రోదసిలో సహపంక్తి

బొల్లారం వాసులకు విమానాల చప్పుడు కొత్తేమీ కాదు. పక్కనే హకీంపేట వైమానిక దళ స్థావరం. అక్కడి శిక్షణ విమానాలు ఇళ్లమీదుగా తిరుగుతూనే ఉంటాయి. వాటికి ఎంతో ఎత్తున, చప్పుడన్నది లేకుండా, కొన్ని సాయంత్రాలు ఓ వెలుగుచుక్క ఆకాశాన్ని నాలుగైదు నిమిషాల్లో దాటిపోతుంది. నక్షత్రంలా మిణుకుమనదు. అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. నెత్తిమీదుగా వెళ్లేటప్పుడు మనకూ దానికీ మధ్య దూరం 400 కిలోమీటర్ల పైచిలుకు. బొల్లారం నుంచి తిరుపతి అంతకన్నా దూరం. 2000 నవంబరు నుంచి ఆ ఇల్లు ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు.

ఆ ఇంట్లో ఆరు నెలల పాటు ఓ హైదరాబాదీ కుటుంబపు బిడ్డ కాపురం ఉన్నాడు. పేరు రాజాచారి. పుట్టింది, పెరిగింది అమెరికాలో. తండ్రి శ్రీనివాస్ చారి ఇంజినీరింగ్ చదువు కోసం హైదరాబాద్ నుంచి అక్కడికి వెళ్లినవారు. 2021 నవంబరులో స్పేస్‌ఎక్స్ క్రూ-3 బృందానికి కమాండర్‌గా రాజాచారి అంతరిక్షానికి వెళ్లాడు. వ్యోమనౌక కక్ష్యలోకి చేరగానే లోపల ఓ తాబేలు బొమ్మ గాలిలో తేలింది. భారరహిత స్థితి మొదలైందని చెప్పడానికి ఇలా ఓ బొమ్మను వెంట తీసుకెళ్లడం ఆనవాయితీ. చారితోపాటు 2017లో ఎంపికైన వ్యోమగాముల బృందానికి తాబేళ్లన్న ముద్దుపేరు ఉంది. అందుకే ఆ బొమ్మ.

అక్కడికి వెళ్లాక చారి క్షురకుడయ్యాడు కూడా! సహచరుడు, జర్మనీకి చెందిన మథియాస్ మౌరర్‌కు అతనే జుట్టు కత్తిరించాడు. అక్కడ జుట్టు కత్తిరించే క్లిప్పర్‌కు ఓ పీల్చుడు గొట్టం తగిలించి ఉంటుంది. తెగిన ప్రతి వెంట్రుకా అందులోకి పోవాల్సిందే. తప్పించుకున్నది కింద పడదు, తేలుతుంది. కళ్లలోకో, ముక్కులోకో, గాలి శుద్ధిచేసే జల్లెడలోకో చేరుతుంది. ఒకరి తల మరొకరి చేతిలో పెట్టడమంటే అక్కడ మాటవరసకు అన్నది కాదు.

మిగతా పనులూ ఇంటిపనుల్లాంటివే. శనివారం వచ్చిందంటే గోడలు తుడవాలి, దుమ్ము పీల్చాలి. బట్టలు ఉతికే వీల్లేదు. మాసేదాకా తొడిగి, ఆ తర్వాత చెత్తతోపాటు సరుకుల నౌకలో వేస్తే, అది తిరుగుదారిలో వాతావరణంలో కాలిపోతుంది. మూత్రాన్ని, చెమటను శుద్ధిచేసి మళ్లీ తాగునీరుగా మారుస్తారు. కండరాలు, ఎముకలు క్షీణించకుండా రోజుకు సుమారు రెండు గంటల వ్యాయామం తప్పనిసరి. సంచిలో దూరి, దాన్ని గోడకు కట్టుకుని నిద్రపోతారు. అక్కడ గాలి ఆడుతూ ఉండాలి. లేకపోతే వదిలిన ఊపిరి మొహం చుట్టూనే నిలిచిపోతుంది.

తిండి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. భారం లేకపోవడంతో ఒంట్లోని ద్రవాలు తలవైపు చేరతాయి. మొహం ఉబ్బుతుంది, జలుబు చేసినట్టు ముక్కు దిబ్బడేస్తుంది. నోటికి ఏదీ రుచించదు. అందుకే అక్కడ కారానికి అంత గిరాకీ. చారి బృందం చేరిన రోజుల్లోనే కేంద్రంలో పచ్చిమిరప మొక్కలు కాపుకొచ్చాయి. నవంబరు 26న రెండో కోత కోశారు. కొన్ని కాయలు పరిశోధన కోసం భూమికి పంపారు, కొన్ని తిన్నారు. పళ్లెంలో ఓ తాజా మిరపకాయ ఎంత ఊరటో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా?

ఎవరి భోజనం వాళ్లు తెచ్చుకున్నా, వీలున్నప్పుడల్లా అందరూ ఒకే బల్ల చుట్టూ చేరడం ఆ ఇంటి సంప్రదాయం. అది వట్టి సరదా కాదని చారి అక్కడున్నప్పుడే రుజువైంది. అతను చేరిన కొద్ది రోజులకే, నవంబరు 15న, రష్యా తన పాత ఉపగ్రహాన్ని క్షిపణితో పేల్చేసింది. శకలాలు దూసుకొస్తాయన్న భయంతో కేంద్రంలో ఉన్నవాళ్లంతా, రష్యన్లు సహా, తమ తమ వ్యోమనౌకల్లో తలదాచుకోవాల్సి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. కింద దేశాలు తెగతెంపులు చేసుకుంటున్న ఆ మార్చిలోనే, రష్యన్ కమాండర్ ఆంటన్ ష్కాప్లెరోవ్ కేంద్రం బాధ్యతను అమెరికన్ టామ్ మార్ష్‌బర్న్‌కు అప్పగించి, సహచరులను రోదసిలో తన అన్నదమ్ములుగా, చెల్లెలిగా చెప్పుకున్నాడు. మర్నాడు అమెరికన్ మార్క్ వాండె హై రష్యా నౌకలోనే భూమికి దిగాడు. ఒకే పంక్తిన కూర్చుని తినేవాళ్ల మధ్య ఏర్పడే నమ్మకం ఏ ఒప్పందపత్రానికీ తీసిపోదు.

ఈ పంక్తిలో మనవాళ్లూ కూర్చున్నారు. హైదరాబాద్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్‌లో, నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11లో బయల్దేరి సాల్యూట్-7 కేంద్రానికి వెళ్లాడు. వెంట మైసూరు రక్షణ ఆహార పరిశోధనాలయం తయారుచేసిన సూజీ హల్వా, ఆలూ ఛోలే, వెజిటబుల్ పులావ్ వెళ్లాయి. అక్కడ యోగాసనాలు వేసి, శరీరం భారరహిత స్థితికి అలవాటుపడటంలో అవి ఎంత తోడ్పడతాయో పరీక్షించుకున్నాడు. 41 ఏళ్ల తర్వాత, 2025 జూన్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లే వంతు శుభాంశు శుక్లాకు వచ్చింది. క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసం పట్టుకెళ్లి సహచరులందరికీ పంచాడు. ప్రయోగాల్లో భాగంగా అక్కడ మెంతులు, పెసలు మొలకెత్తించాడు.

ఇక మన వ్యోమగాములను మనమే రోదసికి పంపే గగన్‌యాన్. ఎంపికైన నలుగురూ వైమానిక దళ పైలట్లే. వారిలో ప్రశాంత్ బాలకృష్ణన్ నాయర్, అజిత్ కృష్ణన్ ఇద్దరూ బొల్లారానికి ఎంతో దూరంలేని దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో స్వోర్డ్ ఆఫ్ ఆనర్ అందుకున్నవారు. ముగ్గురిని 400 కిలోమీటర్ల ఎత్తుకు పంపి, మూడు రోజుల తర్వాత దించాలన్నది ఇస్రో ప్రణాళిక. వాళ్ల కోసం 2020లోనే మైసూరు పరిశోధనాలయం వండివార్చి చూపిన వాటిలో ఎగ్ రోల్, వెజ్ పులావ్, పెసరపప్పు హల్వాతోపాటు మన ఇడ్లీ కూడా ఉంది. వాటిని వేడిచేసుకునే హీటర్లు, నీళ్లు చిందకుండా తాగే పాత్రలు కూడా అక్కడే సిద్ధం చేశారు.